పదకొండో పెట్టె

మా ఇంట్లో కృష్ణమూర్తి పేరు ఎవరూ ఎత్తరు. ఎత్తితే నేనే ఎత్తాలి, అదీ తిట్టడానికే. ఆ పేరు చెవిన పడగానే మా ఆవిడ చిన్నమ్మలు చేట పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోతుంది. నాకు ముక్కు మీద కోపమని అరకు సంతలో ఉప్పు కొనేవాళ్ళందరికీ తెలుసు. ఉంటే ఉంది. వాల్తేరు రైల్వే వర్కుషాపులో పదిహేనేళ్ళు రైలుపెట్టెలకు తలుపులూ కిటికీలూ చేసి, ఒకనాడు పై ఆయనతో మాటా మాటా పెరిగి ఉలి అక్కడే పారేసి వచ్చేశాను. ఆ తప్పు నాదే, ఆయన మంచివాడు. కృష్ణమూర్తి విషయంలో మాత్రం నా కోపంలో వీసమెత్తు తప్పు లేదని ఈ అరుగు మీద కూర్చుని ఎవరికైనా చెప్పగలను.

నలభై తొమ్మిదిలో కలపకోతకు మేస్త్రీ కావాలంటే అరకు వచ్చాను. మొదటి ఏడు చలిజ్వరం, రెండో ఏడూ చలిజ్వరం, మూడో ఏటికి కాస్త అలవాటైంది. పని లేని వానాకాలంలో చేతులు ఊరుకోక ఒక రైలుబొమ్మ మొదలుపెట్టాను. బొమ్మంటే పిల్లలు తాడు కట్టి లాగేది కాదు. ఇరవై రెండడుగుల పొడవు, తొమ్మిదడుగుల వెడల్పు. పదకొండు పెట్టెలుగా విడిపోతుంది. పెట్టెలు బల్లల మీద పరిచి బోల్టులు బిగిస్తే శృంగవరపుకోట మైదానం నుంచి అరకు దాకా కొండలు, గెడ్డలనే వాగులు, లోయలు అన్నీ లేచి నిలబడతాయి. ఆ కొండల మధ్య వేలెడంత వెడల్పున పట్టాలు. విజయనగరంలో ఒక కంచరి చేత ఇత్తడి ఇంజను చేయించాను. లారీ బ్యాటరీ తగిలిస్తే నడుస్తుంది. అప్పటికి అరకుకు రైలు లేదు. ఇప్పటికీ లేదు. వస్తే ఎలా వస్తుందో చూద్దామనే నా పిచ్చి.

అన్నీ బాగానే కుదిరాయి గాని ఇంజను కొండెక్కలేదు. సగం దూరం పోయేది, చక్రాలు గిర్రున తిరిగేవి, బండి మాత్రం ఉన్నచోటే ఉండేది. పట్టాలు పీకి మళ్ళీ వేశాను. మళ్ళీ అంతే. నాలుగోసారి ఒళ్ళు మండిపోయి సుత్తి ఎత్తాను.

"ఓలప్పా, బండిని కొడతావేటి బావూ!" అని అరుగు మీంచి నవ్వాడు సుక్రు.

సుక్రుది ఊటవలస. మా ఇంటికి రెండు కోసుల పైన కొండవాలులో పన్నెండిళ్ళ గూడెం. వారం వారం చింతపండో, పసుపో, పిప్పళ్ళో కావిడిలో వేసుకుని కోట, అంటే శృంగవరపుకోట, సంతకు దిగుతాడు. మా అరుగు దగ్గర కావిడి దించి, చిన్నమ్మలు ఇచ్చిన చోడి అంబలి తాగి, ఎడమ భుజం మీద ఉన్న బరువు కుడి భుజానికి మార్చుకుని వెళ్ళడం అతని అలవాటు. మూడేళ్ళుగా ఆ అలవాటు తప్పలేదు.

"ఎక్కదేం మరి?" అన్నాను.

"ఎలగెక్కుద్ది? నిట్టనిలువుగా ఏసినావు తోవ. కావిడేసుకుని నానే ఎక్కలేను, అదెక్కుద్దా?"

"నువ్వెక్కే తోవ వేరే ఉందా?"

"భుజం మార్సకుండా నడిసే తోవుంది. మా తాతలు నడిసిందే. రా, సూపిత్తాను."

అప్పుడు తెలిసింది నాకు అసలు సంగతి. బరువు మోసేవాడికి కొండవాలు కాళ్ళకన్నా ముందు భుజానికి తెలుస్తుందట. వాలు ఎక్కువైతే వందడుగులకే భుజం మార్చాలి. వాలు సన్నగా ఉంటే వెయ్యడుగులు పోయినా మార్చనక్కర్లేదు. మూడు నెలలు సుక్రు వెనకాల తిరిగాను. అతను భుజం మార్చిన చోటల్లా ఒక వెదురుపుల్ల పాతాను. పుల్లకీ పుల్లకీ మధ్య దూరం కొలిచాను. మొదటి పుల్ల మా అరుగు దగ్గరే పడింది. పుల్లలు ఎక్కడ దూరదూరంగా ఉన్నాయో అక్కడి నుంచి పట్టాలు వేశాను. సుక్రు తోవ కొండను చుట్టి, గెడ్డ దాటి, వెనక్కి తిరిగి, మళ్ళీ ముందుకు పోతుంది. పట్టాలూ అలాగే పోయాయి.

ఇంజను ఒక్కసారి కూడా జారకుండా కింద నుంచి పైదాకా ఎక్కింది. సుక్రు బల్ల పక్కనే నడుస్తూ వెంబడి వచ్చాడు. పైకి చేరగానే తన భుజం తట్టుకుని, "సూసినావా, నా కావిడి ఎక్కినట్టే ఎక్కింది," అన్నాడు. నేను అతన్ని కావలించుకున్నాను. అబద్ధమెందుకు, ఆ వేళ నా అంత సంతోషపడ్డవాడు ఏజెన్సీలో మరొకడు లేడు.

ఇక కృష్ణమూర్తి. అరకులో ఉప్పు, కిరసనాయిలు, బట్టల కొట్టు వాళ్ళది. తాత కాలంలోనే మైదానం నుంచి వచ్చారు. కొండభాషలు రెండు మూడు గడగడా మాట్లాడతాడు. మనిషి ఎర్రగా, నవ్వుమొహంతో ఉంటాడు. నోరు తెరిస్తే హరిదాసు చాలడు. రైలు నడుస్తోందని విని చూడడానికి వచ్చి, గంటసేపు కదలకుండా నిలబడ్డాడు.

"మేస్త్రీ, దీన్నిక్కడ దాచుకుని ఏం చేస్తావు? కొక్కిరాయిలకు చూపిస్తావా? పంచవర్ష ప్రణాళిక ఎగ్జిబిషన్లని ఊరూరా పెడుతున్నారు. లారీ నాది, మాట నాది. చెయ్యి నీది. ఏమంటావు?"

నేను చంకలు గుద్దుకున్నాను. ఒక్కటే లోటు ఉందన్నాను. పదకొండో పెట్టెలో ఊటవలస ఇంకా కట్టలేదు. సుక్రు తోవ మీద పోయే రైలు సుక్రు ఊరు లేకుండా పోతే ఏం బాగుంటుంది? రైలు ఊరికి పక్కగా పోవాలి, స్టేషను ఊరి కింది మెట్టభూమిలో ఉండాలి అని ముందే గీత గీసి పెట్టుకున్నాను. ఆ మాట చెప్పడానికి ఊటవలస వెళ్ళాను. కృష్ణమూర్తి కూడా వచ్చాడు.

సుక్రు తల్లి సోములమ్మ ఆ ఊరికి పెద్ద. ఎండిన చింతబరికలా ఉంటుంది, మాట మాత్రం చురుక్కుమంటుంది. నేను చెప్పిందంతా విని, "నీ రైలెంతుంటాది?" అంది.

జానెడు చూపించాను.

"మా కోడిపెట్ట నయం," అంది. అందరూ నవ్వారు. "సరే, నీ బొమ్మలో మా ఊరెందుకు?"

"పట్నంలో పెద్ద పెద్ద ఇంజనీర్లు చూస్తారమ్మా. ఇక్కడ ఊరుంది, ఊట ఉంది, రైలు పక్కనుంచి పోవాలి అని వాళ్ళకి తెలుస్తుంది. నేను చెబుతాను కదా."

సోములమ్మ లేచింది. లోపలికి వెళ్ళి ఊరివాళ్ళతో వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. కాసేపటికి పన్నెండిళ్ళ వాళ్ళూ ఒక్కొక్కరే వచ్చి, తమ గడప ముందటి మన్ను ఒక్కో పిడికెడు తెచ్చి నా తువ్వాల్లో పోశారు. చివర సోములమ్మ తన పిడికెడు పోసి, నా చేతులు రెండూ పట్టుకుంది.

"మా మన్ను నీ సేతిలో ఎడతన్నాం. పట్నంలో మా ఊరి మాట నీదే. మల్లీ మా మన్ను మా సేతిలో ఎట్టినదాకా నీదే. బాగా సూసుకో, మేస్త్రీ."

"అలాగేనమ్మా," అన్నాను. ఏ ఇంటి మన్నుతో ఆ ఇంటి గుడిసె కట్టమంటున్నారని అనుకున్నాను. ముచ్చటపడిపోయాను. పక్కన కృష్ణమూర్తి వక్కపలుకు నములుతూ ఊరికే నవ్వాడు. తాత కాలం నుంచి ఆ కొండల్లో ఉప్పు అమ్మినవాడికి ఆ మాటకు అర్థం తెలియకపోవడమేమిటి? తెలిసే నవ్వాడు. నాకొక్కడికే తెలియలేదు.

పన్నెండు మన్నులతో పన్నెండు గుడిసెలు చేశాను. ఏ మన్నూ దేనిలోనూ కలవనివ్వలేదు. ఊట దగ్గర అద్దం ముక్క పెట్టాను. సోములమ్మ వాకిట్లో కోడిపెట్ట కూడా పెట్టాను. సుక్రు చూసి, "మాయమ్మ సూత్తే కోడికి గింజలేత్తాది," అన్నాడు.

మొదటి ఎగ్జిబిషను విజయనగరంలో. జనం విరగబడ్డారు. కృష్ణమూర్తి చేతిలో బెత్తం పట్టుకుని, "రండి బాబూ రండి! టిక్కెట్టు లేకుండా అరకు ఎక్కండి!" అని మొదలుపెడితే పిల్లా మేకా కదిలేవారు కాదు. సుక్రు భుజం సంగతి చెప్పాడు, ఊటవలస మన్ను సంగతి చెప్పాడు. ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. చివరి రోజున తన జరీ కండువా తీసి జనం ముందు నా భుజాన వేశాడు. "ఇవీ దీన్ని చేసిన చేతులు. ఈయన నాకు మేస్త్రీ కాదు, అన్న," అన్నాడు. కోటలో పెద్ద కొట్లవాళ్ళు నన్ను ఏకవచనంలో పిలిచేవారు. వాళ్ళ సాటివాడు నన్ను అన్నా అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రోజు వాడు అడిగితే నా కుడిచెయ్యి కోసి ఇచ్చేవాణ్ణి.

తరవాత కాకినాడ. ఆ తరవాత రాజమండ్రికి బయలుదేరే ముందు నాకు మళ్ళీ జ్వరం వచ్చింది. ఈసారి మామూలుది కాదు. మంచానికి అంటుకుపోయాను. కృష్ణమూర్తి రోజూ వచ్చేవాడు. కోట నుంచి కొయినా మాత్రలు తెప్పించి, తనే నీళ్ళు పట్టి మింగించేవాడు. ఒక రోజు ఒక కాగితం తెచ్చాడు.

"విశాఖపట్నంలో స్టాలుకి, అన్నా. ఇంగ్లీషులో ఉంది, నీ పేరు రాయి చాలు. రాజమండ్రి నేను చూసుకుంటాను. రిపేరుకు అక్కడే ఒక వడ్రంగిని పెట్టుకుంటాను. నువ్వు లేవకు."

"ఏటా కాయితం? ఎవరి సేతైనా సదివించుకోరాదా?" అంది చిన్నమ్మలు గుమ్మంలోంచి.

"నోర్ముయ్. నా తమ్ముడి కాగితం చదివించుకోవాలా?" అని అంత జ్వరంలోనూ కేకేశాను. సంతకం పెట్టాను. చిన్నమ్మలు ఆ తరవాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. దానికి నేను చెప్పిన క్షమాపణ ఇంతవరకూ సరిపోలేదు.

రెండు నెలలకు లేచి తిరిగాను. పెట్టెలన్నీ కోటలోనే కృష్ణమూర్తి గిడ్డంగిలో ఉన్నాయన్నారు. చూస్తానంటే, "మళ్ళీ విప్పడమెందుకన్నా, నేరుగా విశాఖ పోతున్నాయి. నువ్వు మూడో రోజుకు రా. ఈసారి నువ్వు పెద్దమనిషిలా వచ్చి చూడాలి," అన్నాడు. నేను ఇంకో అడుగు ముందుకేశాను. ఊటవలసకు కబురుపెట్టాను, అందరూ రండి, మీ ఊరు పట్నంలో ఎలా ఉందో చూద్దురుగాని అని.

తొమ్మిదిమంది వచ్చారు. సోములమ్మ పసుపు రాసిన కొత్త చీర కట్టింది. సుక్రు కావిడి లేకుండా కోటకు దిగడం అదే మొదలు, భుజాలు ఏం చేయాలో తెలియనట్టు నడిచాడు. కోట నుంచి బస్సులో విశాఖపట్నం వెళ్ళాం. దారి పొడుగునా సోములమ్మ, "నా కోడుందా? ఎవుడైనా తినేసినాడా?" అని వేళాకోళం చేస్తూనే ఉంది.

మా స్టాలు దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. రైలు కూత వినబడింది. దారి చేసుకుని తొమ్మిదిమందినీ ముందుకు తీసుకెళ్ళాను. సోములమ్మ తలవంచి చూసింది. పెట్టె వెంట పెట్టె చూసుకుంటూ పైకి వచ్చింది. పదకొండో పెట్టె దగ్గర ఆగిపోయింది.

ఊరు లేదు.

పన్నెండు గుడిసెలు లేవు, ఊట లేదు, కోడి లేదు. అక్కడ ప్లాట్‌ఫారం, ఎర్ర పెంకుల స్టేషను, వరసగా క్వార్టర్లు ఉన్నాయి. మిగిలిన జాగాను తెల్ల గీతలతో గళ్ళుగా కోసి, గడికొక కాగితపు జెండా గుచ్చారు. జెండాల మీద అంకెలు. పట్టాలు జరిపారు, రైలు ఊరు ఉన్నచోటి నడిమధ్య నుంచి పోతోంది.

కృష్ణమూర్తి బెత్తంతో ఆ గళ్ళే చూపిస్తున్నాడు. ఎదుట కోట్లు తొడుక్కున్నవాళ్ళు పదిమంది. "రేపు రైలొస్తే స్టేషను ఇక్కడే. ఇప్పుడే అడిగిన వారికి ఇప్పుడే. జాగా గొడవలేమీ లేవు. ఊరివాళ్ళే ఊరి మన్ను తెచ్చి మా మేస్త్రీ చేతిలో పెట్టేశారు, మేస్త్రీ మాకు రాసిచ్చాడు."

అప్పుడు మమ్మల్ని చూశాడు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, మొహం మారింది. మరుక్షణం నవ్వేశాడు.

"అదుగో, మాటల్లోనే వచ్చారు! అమ్మా సోములమ్మా, ఈ బాబులకి చెప్పు. మీరు మీ మన్ను ఇచ్చారా, లేదా?"

"ఇచ్చినాం," అంది సోములమ్మ.

"ఎవరికి?"

"మేస్త్రికి. మా ఊరి మాట..."

"విన్నారు కదా!" అని వాడు బెత్తం జనం వైపు తిప్పేశాడు. ఆవిడ మిగతా మాట ఎవరూ వినలేదు.

సుక్రు నా వైపు తిరిగాడు. "బావూ, మా ఊరేదీ?" అన్నాడు. గొంతులో కోపం లేదు, నిజంగానే అడిగాడు. ఎక్కడో ఇంకో పెట్టెలో పెట్టి ఉంటానని అతని నమ్మకం. నేను ఏం చెప్పను? వెళ్ళి కృష్ణమూర్తి చొక్కా పట్టుకున్నాను. నలుగురు పట్టి లాగారు. వాడు నా చెవి దగ్గర నోరు పెట్టి, "అన్నా, సంతకం నీది. అరిస్తే పరువు పోయేది నీదే," అన్నాడు మెల్లగా. ఆ అన్నా అన్న మాట ఇప్పటికీ చెవిలో సీసం పోసినట్టుంటుంది.

తిరుగు బస్సులో కోటకు వచ్చి దిగాక సోములమ్మ అడిగింది.

"మన్నేది?"

అప్పుడు సుక్రు చెప్పాడు నాకు, ఆ మన్ను సంగతి. వాళ్ళకు భూమి పట్టాలు లేవు, కాగితాలు లేవు. ఒకడు పోడుకు దూరం పోతూ తన నేల మన్ను పిడికెడు తీసి ఇంకొకడి చేతిలో పెడితే, అది మళ్ళీ తిరిగి చేతిలో పడేదాకా ఆ నేల మీద మాట పుచ్చుకున్నవాడిది. పది గూడేల్లో పొలాలన్నీ ఆ మాట మీదే నిలబడి ఉన్నాయి. ఊరికి ఊరు కలిసి అలా మన్ను ఇవ్వడం మాత్రం ఎప్పుడూ లేదట. నాకే ఇచ్చారు. పట్నంలో వాళ్ళ తరఫున మాట్లాడేవాడు నేనే అని ఇచ్చారు. నేను దాంతో బొమ్మ గుడిసెలు చేసి, పెట్టెలో పెట్టి, ఊరేగడానికి పంపించాను.

తాలూకా కచేరీలో చదివించుకుంటే తెలిసింది, నేను సంతకం పెట్టింది స్టాలు కాగితం కాదు. నా చేతికి వచ్చిన ఊటవలస నేలను కృష్ణమూర్తి కొట్లో బస్తాలు మోసే భీముడికి అప్పగిస్తున్నానని దాంట్లో ఉంది. ఏజెన్సీలో మైదానంవాడి పేరున భూమి చెల్లదు కనక భీముడి పేరు. పాపం, భీముడూ కొండమనిషే. వాడి వేలుముద్ర కూడా అలాగే వేయించి ఉంటాడు.

మన్ను తిరిగి ఇచ్చేస్తే అంతా సరిపోతుంది కదా అనుకున్నాను. రాజమండ్రి పరిగెత్తాను. రెండు రోజులు వెతికితే ఆ వడ్రంగి దొరికాడు. ముసలివాడు, ఏ పాపం ఎరగనివాడు.

"ఆ మట్టి గుడిసెలా? చక్కగా చేశారండి ఎవరో. గీకెయ్యమన్నారు షావుకారు. గీకి గోదాట్లో పోశానండి," అన్నాడు.

రేవు మెట్ల మీద కూలబడ్డాను. ఎదుట అంత గోదారి. పన్నెండు పిడికిళ్ళ మన్ను.

వారం తిరక్కుండానే కబురొచ్చింది, తాసిల్దారు ఊటవలస వచ్చి విచారిస్తారని. నేను ముందురోజే వెళ్ళి సోములమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. మన్ను గోదారిలో పోయిందని చెప్పాను. ఆవిడ చోళ్ళు చెరుగుతూనే వింది.

"అమ్మా, రేపు ఒక్క మాట చెప్పు చాలు. మేం మన్నే ఇవ్వలేదు, ఈ మేస్త్రీ అబద్ధాలకోరు అని చెప్పు. నన్ను జైల్లో వేసుకోనీ. ఊరు నిలబడుతుంది."

"ఇచ్చినాం కదా."

"ఇచ్చారు. ఇవ్వలేదని చెప్పమంటున్నాను."

సోములమ్మ చోళ్ళు చెరగడం ఆపింది. "నువ్వు మా ఊరొకటే సూత్తన్నావు. అవతల కొండ మీద గాసి పొలం ఆళ్ళన్న సేతిలో ఉంది. కనకమ్మ పొలం ఆళ్ళ మేనమామ సేతిలో ఉంది. మన్నిచ్చిన మాట మీద. రేపు ఊరి పెద్దనైన నానే ఇచ్చిన మన్ను ఇయ్యలేదంటే, ఆళ్ళలో ఒక్కడైనా తిరిగి ఇత్తాడా? ఎవుడు ఎవుణ్ణి నమ్ముతాడు? మా పన్నెండిళ్ళ కోసం పది గూడేల నోట్లో మన్ను కొట్టమంటావేటి?"

ఆవిడకు ఏమీ తెలియదని, నేను నేర్పాలని వెళ్ళాను చూడండి, అదీ నా తెలివి.

తాసిల్దారు కుర్రవాడు, మంచివాడిలాగే ఉన్నాడు. కృష్ణమూర్తి కొట్లోంచి తెచ్చిన కుర్చీలో కూర్చోకుండా నిలబడే విచారించాడు. కాగితం చదివి, నా సంతకమేనా అని అడిగాడు. నాదేనన్నాను. జ్వరంలో చేయించాడని చెప్పాను. కృష్ణమూర్తి తలవంచుకుని, ఎంతో బాధపడుతున్నవాడిలా నిలబడ్డాడు. అంతా వేషం.

తాసిల్దారు ఊరి ఆచారమంతా అడిగి తెలుసుకున్నాడు. కాసేపు ఆలోచించి నా వైపు చూశాడు.

"మన్ను తిరిగి వాళ్ళ చేతిలో పెడితే మాట వాళ్ళదే అంటున్నారు. ఈ కాగితం తేదీకి ముందే నువ్వు మన్ను తిరిగి ఇచ్చేసి ఉంటే, నీ చేతిలో లేనిది నువ్వు రాసివ్వలేవు. ఈ కాగితం చెల్లదు. బాగా గుర్తు తెచ్చుకుని చెప్పు. ఇచ్చేశావా?"

ఆయన నాకు తలుపు తెరిచి పట్టుకున్నాడు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఇచ్చేశానండి. విజయనగరం నుంచి రాగానే ఇచ్చేశాను. ఈవిడ చేతిలోనే పెట్టాను."

కృష్ణమూర్తి తల ఎత్తాడు. ఈసారి వాడి మొహంలో వేషం లేదు. నా ప్రాణం లేచివచ్చింది. తాసిల్దారు సోములమ్మ వైపు తిరిగాడు.

"ఏమ్మా, ఇచ్చాడా?"

ఊరు ఊరంతా నిలబడి ఉంది. సుక్రు తల్లి వైపు చూశాడు. నేను కళ్ళతోనే బతిమాలాను. సోములమ్మ నా దగ్గరికి వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుని, అరచేతులు పైకి తిప్పి చూసింది. మన్ను పోసిన రోజున పట్టుకున్నట్టే పట్టుకుంది.

"ఇయ్యలేదు బావూ," అంది తాసిల్దారుతో. తరవాత నాతో, "మన్నొకసారి పోగొట్టినావు. ఇప్పుడు మాట కూడా పోగొడతావా?" అంది.

చేతులు వదిలేసింది.

ఆ కాగితం చెల్లుతుందని తాసిల్దారు రాసుకుపోయాడు. చోళ్ళ కోతలయ్యాక ఊటవలస వాళ్ళు వెళ్ళిపోయారు. ఆరు కోసుల అవతల, నీళ్ళు లేని కొండ మీద పాకలు వేసుకున్నారు. ఊటవలసలో ఇప్పుడు కృష్ణమూర్తి కలప డిపో ఉంది. ఈమధ్య సర్వేవాళ్ళు రైలు కోసం కొండలు కొలుస్తున్నారు. వాళ్ళ జెండాలు ఊటవలస దరిదాపుల్లో కూడా లేవు, లోయకు అవతలి పక్కన పాతారు. అయినా రైలుబొమ్మ మాత్రం ఎగ్జిబిషన్లకు పోతూనే ఉంది. కిందటేడు ఇంకా పెద్ద ఊళ్ళు తిరిగిందట, బహుమతి కూడా వచ్చిందట. ఇంజను ఒక్కసారి కూడా జారలేదట. ఎందుకు జారుతుంది? అది సుక్రు తోవ.

సుక్రు ఇప్పటికీ వారం వారం కోట సంతకు దిగుతాడు. కొత్త కొండ నుంచి వచ్చినా దారి మా ఇంటి ముందు నుంచే. చిన్నమ్మలు అంబలి కలిపి అరుగు మీద పెడుతుంది. నేను లోపల తలుపు చాటున నిలబడతాను. అతను వస్తాడు. ఎడమ భుజం వంగిపోయి ఉంటుంది, ఆరు కోసుల బరువు. మా అరుగు దగ్గర ఆగడు. భుజం మార్చుకోడు. అలాగే మలుపు దాకా నడిచిపోయి, మా ఇల్లు కనబడని చోటికి వెళ్ళాక మార్చుకుంటాడు.